నాకేమైంది, మస్తుగున్న

మా వార్డు పెద్ద డాక్టరు, యూనిట్ సార్ పోయారని ఫోను వచ్చినప్పుడు నేను మేడ్చల్‌లో ఆస్పత్రి బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఎట్లా అని అడిగితే కడుపులో క్యాన్సర్ అన్నారు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

పీజీ డాక్టర్‌గా చేరినప్పటి నుంచి నాకు పని నేర్పింది ఆయనే. డ్యూటీ దిగే డాక్టరు ప్రతి మంచం దగ్గరా నిలబడి, రోగి వింటుండగానే, ఎక్కే డాక్టరుకు అంతా అప్పజెప్పాలి. ఏదీ దాచకూడదు. రోగులందరి సంగతీ అయ్యాక సార్ మావైపు తిరిగేవారు. "ఇగ నీ సంగతి చెప్పు. తిన్నవా, పన్నవా, జరమేమన్న ఉన్నదా?" కంటిమీద కునుకు లేకుండా పనిచేసే మమ్మల్ని ఆ మాట అడిగిన మనిషి ఇంకొకరు లేరు.

ఒకసారి జ్వరంతో డ్యూటీకి వచ్చాను. కళ్లు చూసే పట్టేశారు. "నీ జరమే దాస్తే, పేషెంటు సంగతి నువ్వు చెప్తే నేనెట్ల నమ్మాలె?" అని కసిరి, ఇంటికి పంపి, నా డ్యూటీ తానే చేశారు.

మేమూ ఆయన్ను అడిగేవాళ్లం. "నాకేమైంది, మస్తుగున్న" అనేవారు. సన్నబడ్డారేంది సార్ అంటే, "మా ఇంట్ల అన్నం బంద్, జొన్నరొట్టెలే" అని నవ్వించారు. ఇంతమంది డాక్టర్లం, నవ్వి ఊరుకున్నాం. ఆఖర్న సెలవు పెడుతూ, శామీర్‌పేటలో మేనకోడలి పెండ్లి ఉంది, లడ్డూలు తెస్తానన్నారు. పిచ్చివాళ్లలా వాటికోసం ఎదురుచూశాం.

మచ్చ బొల్లారంలో వాళ్లింటికి వెళితే ఆయన భార్య నా చెయ్యి పట్టుకున్నారు. "పెండ్లి లేదు, ఏం లేదు బిడ్డా. ఈ రోగం సంగతి ఉగాదికి ముందే తెల్సు. 'వార్డుల పిల్లలకు చెప్పకు, అసలే నిద్రల్లేవు, నా డ్యూటీలు గూడ మీదేస్కుంటరు' అని నాతోని ఒట్టు వేయించుకున్నరు."

ప్రేమతోనే దాచారు, ఒప్పుకుంటాను. అయినా మోసం మోసమే. ఆయన మంచం పక్కన ఒక్క పూట కూర్చునే భాగ్యం మాకు లేకుండా చేశారు. ఈ కోపం ఎవరి మీద చూపాలో తెలియడం లేదు.

మర్నాడు వార్డులో ఆఖరి మంచం అప్పగింత కూడా అయింది. ఎవరూ కదల్లేదు. డ్యూటీ దిగుతున్న జూనియర్ అమ్మాయి, సార్ ఎప్పుడూ నిలబడే కిటికీ వైపు చూస్తోంది.

"ఇగ నీ సంగతి చెప్పు," అన్నాను.

"నాకేమైంది అక్కా, మస్తుగున్న."

నేను నమ్మలేదు. ఆ పిల్ల చెయ్యి అందుకుని నాడి చూశాను.