స్వాములను ఉరికించిన సార్

మా కోచ్ సార్ పోయారు. మొన్న మంగళవారం పొద్దున మల్లాపూర్‌లో నా షెడ్డు షట్టరెత్తి, లేత్ మిషన్ మీద ఇనుప ముక్క బిగిస్తుంటే నరేశ్ ఫోన్ చేశాడు. కాలేజీలో నాతోపాటు బాస్కెట్‌బాల్ ఆడినవాడు. మామూలుగా వాడు ముందు రెండు తిట్లు తిట్టి గాని విషయంలోకి రాడు. ఆ రోజు తిట్టలేదు. "సార్ పోయిండు రా. నాచారంల ఇంటికాడనే ఉంచిన్రు. జల్ది రా" అన్నాడు. మిషన్ ఆపాను. పక్క షెడ్డులో ప్రెస్సు దబదబా కొడుతూనే ఉంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. జీవితమంతా ఊరి పిల్లలకు ఊపిరి నేర్పిన మనిషి ఊపిరాడక పోవడం ఏం న్యాయమో నాకు అర్థం కాలేదు.

ఆయన గురించి పేపర్లో రాదు. పెద్ద జట్లను గెలిపించిన మనిషి కాదు. ఘట్‌కేసర్ రోడ్డు మీద ఒక మామూలు కాలేజీకి, మేం రెండో ఏడాదిలో ఉండగా కొత్తగా వచ్చిన కోచ్. అందుకే నేను రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే ఆయన సంగతి అర్థం కాదు. ఈ షెడ్డు మా నాన్నది. పైన రేకులు, ఒక్కటే కిటికీ, అది కూడా పక్క షెడ్డు గోడకు తెరుచుకుంటుంది. పదో తరగతి నుంచి సెలవులన్నీ ఇందులోనే గడిచాయి. దీంట్లోంచి బయటపడటానికి నాకు దొరికిన ఒకే ఒక్క తోవ బాస్కెట్‌బాల్. ఆటల కోటాలో సీటు వచ్చింది కాబట్టి నాన్న చదవనిచ్చాడు. "టీముల ఉన్నన్ని దినాలు కాలేజి. తీసేసిన్రంటే తెల్లారి షెడ్డుకు రావాలె" అని మొదటి రోజే చెప్పేశాడు. ఆయన మాటంటే మాటే.

బుట్టలో బంతి వేయడం నాకు బాగా వచ్చు. కదలడమే రాదు. పాత కోచ్ నన్ను బుట్ట దగ్గర నిలబెట్టి, మిగతావాళ్ళను ఉరికించి, బంతి నా చేతికి ఇప్పించేవారు. రోజూ సాయంత్రం ఉప్పల్‌లో బస్సు దిగి మిరపకాయ బజ్జీలు తిని, చాటుగా ఒక సిగరెట్టు కాల్చి, ఇంటికి పోయేవాణ్ణి. నేనే స్టార్‌ని.

కొత్త సార్ వచ్చిన రోజే బంతులన్నీ వల సంచిలో వేసి, గదిలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి అంగీ జేబులో వేసుకున్నారు. "బంతి యాడికి పోదు. ముందుగాల మీ ఊపిరి సంగతి సూద్దాం" అన్నారు. అంతే, ఇక ఉరకడమే. విజిల్ కూడా ఉండేది కాదు ఆయన దగ్గర, చప్పట్లు కొట్టేవారు. బక్కపలచని మనిషి, మెడలో ఎప్పుడూ ఒక చేతిరుమాలు, జనగామ వైపు యాస. గ్రౌండ్ చుట్టూ ఉరికొచ్చి ఆయన ముందు ఆగగానే, పొద్దున ఇంట్లో ఏం తిన్నామో ఒక్క ఊపిరిలో చెప్పాలి. అదే పరీక్ష. సంక్రాంతి తర్వాత జరిగే కాలేజీల పోటీలకు, అలా చెప్పగలిగినవాళ్ళనే తీసుకుంటానని అన్నారు.

"ఇడ్లి... సార్... ఇడ్లి..." అన్నాను నేను మొదటి రోజు.

"ఇడ్లి కాడనే ఆగినవ్ బిడ్డా. చట్నికి ఊపిరి లేదు నీకు" అన్నారు.

అందరూ నవ్వారు. నాకు మాత్రం నాన్న మాట గుర్తొచ్చింది. టీములో ఉండాలంటే ఉరకాలి, ఉరకలేకపోతే షెడ్డు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, సరిగ్గా అక్కడ ఇరుక్కున్నాను. ప్రాక్టీసు అయ్యేదాకా గ్రౌండ్ గేటు కూడా వేయించేవారు. గేటు చువ్వలు పట్టుకొని, రోడ్డు మీద పోయే బస్సులను చూస్తూ నిలబడిన సాయంత్రాలు ఎన్నో ఉన్నాయి.

కార్తీకం వచ్చింది. నరేశ్ బుర్రకు ఒక ఉపాయం తట్టింది.

"అయ్యప్ప మాల ఏసుకుందాం రా. స్వాములను ఎవ్వడన్న తిడ్తడా? చెప్పులే ఎయ్యొద్దు, ఇగ బూట్లేసుకొని ఉరుకుడెక్కడిది? మండలం దినాలు నిమ్మలంగ కూసోవచ్చు."

ఇంత తెలివైన మాట వాడి నోటి నుంచి అంతకుముందు రాలేదు. ఐదుగురం పోయి గుడిలో గురుస్వామి చేత మాల వేయించుకున్నాం. మా అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఇన్నేండ్లకు దేవుడు బుద్ధిచ్చిండు నా కొడుక్కు" అని వాడకట్టంతా చెప్పింది. నాన్న వచ్చి, "స్వామి శరణం" అంటూ నా కాళ్ళకు మొక్కాడు. అంతవరకు నన్ను ప్రేమగా ఒక్క పిలుపు పిలవని మనిషి. ఆ క్షణాన నాకు భయం వేసింది. ఇక ఈ మాల కొండ ఎక్కి వచ్చేదాకా తీసే వీల్లేదు.

మేం ఆలోచించని సంగతి ఒకటుంది, దీక్షంటే ఏమిటో. తెల్లారకముందే లేచి చన్నీళ్ళ స్నానం. పూజ. పగలు ఒక్కపూట అన్నం, రాత్రికి ఏ పండో పలహారమో. నేల మీద చాప. గుడ్డు లేదు, కోడి లేదు, సిగరెట్టు ఊసే లేదు. బజ్జీల బండి ముందు నుంచి నల్లబట్టల్లో నడిచిపోతుంటే బండాయనే, "స్వామి శరణం" అని దండం పెట్టేవాడు.

మాల వేసుకున్న మర్నాడు విభూతి పట్టెలతో ఐదుగురం వరసగా గ్రౌండ్‌లో నిలబడ్డాం. సార్ దగ్గరికి వచ్చి మమ్మల్ని పైనుంచి కిందికి చూశారు. రెండు చేతులూ జోడించారు.

"స్వామి శరణం. స్వాములు పొద్దుగాల జల్ది లేస్తరు గద?"

"తెల్లారకముందే సార్" అన్నాడు నరేశ్ గర్వంగా.

"పూజైనంక ఏం జేస్తరు?"

"ఏం లేదు సార్. ఖాళీనే" అన్నాడు. వాడి నోరు అలాంటిది.

"అయితే గటే ఫస్టు బస్సెక్కి గ్రౌండుకు రాండ్రి. ఎట్లయిన లేస్తున్నరు."

"కాళ్ళకు బూట్లు లేవు సార్, సిమెంటు కోర్టు మీద ఎట్లా..." అని నేను నసిగాను.

"అది నేను సూస్కుంట స్వామీ" అన్నారు.

తెల్లారి చలిలో వణుకుతూ పోయేసరికి, కాలేజీ వెనక ఉన్న మట్టి నేలను సార్ చీపురు పట్టుకొని ఊడుస్తున్నారు. ఏరిన రాళ్ళు, పల్లేరుకాయలు పక్కన తట్టలో ఉన్నాయి. "స్వాముల కాళ్ళకు ముల్లు గుచ్చుకోవద్దు గద" అన్నారు. ముఖంలో వెక్కిరింపు వెతికాను, లేదు. దీక్ష అయ్యేదాకా రోజూ మాకంటే ముందే వచ్చి అలాగే ఊడ్చారు. స్టీలు డబ్బాలో నానబెట్టిన పల్లీలు, బెల్లం తెచ్చేవారు. "మా ఇంటి మాత తానం జేసినంకనే నానబెట్టింది. ఫికర్ జెయ్యకుండ తినుండ్రి" అనేవారు.

ఆ రోజుల్లో మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు ఆయన. "ఉరుకుండ్రి స్వామీ", "ఇంకొక్క చుట్టు స్వామీ". తిడితే ఎదురు తిరగవచ్చు, అలగవచ్చు, కడుపునొప్పి అనవచ్చు. నేల ఊడ్చి దండం పెట్టి ఉరకమనే మనిషిని ఏం చేస్తాం? మెడలో మాల, ఎదురుగా సార్, ఇంట్లో అమ్మ. ఒకరోజు నరేశ్ మట్టిలో కూలబడి, "మాల తీసేద్దాం రా, దేవుడు కండ్లు వోగొట్టినా పర్వలేదు" అని నిజంగానే ఏడ్చాడు. మళ్ళీ వాడే లేచి చెంపలేసుకొని ఉరికాడు. అంత నిస్సహాయంగా నేను ఎప్పుడూ లేను. పారిపోదామని కట్టుకున్న గోడల మధ్యే ఇరుక్కున్నామని నవ్వు కూడా వచ్చేది, కాని నవ్వడానికి ఊపిరి మిగిలేది కాదు.

తర్వాత ఇరుముడి కట్టుకొని శబరిమల పోయాం. నీలిమల ఎక్కుతున్నాం. నెత్తిన మూట, కిందికీ మీదికీ జనం. మాకంటే ముందు బయల్దేరినవాళ్ళు దారి పక్కన కూర్చొని రొప్పుతున్నారు. నరేశ్ నా పక్కనే నడుస్తూ, వాళ్ళ మేనబావ పెళ్ళిలో మటన్ తక్కువపడి జరిగిన గొడవంతా పూసగుచ్చినట్టు చెబుతున్నాడు. దీక్షలో ఉండి మటన్ ముచ్చటేమిటని నేను వాణ్ణి తిడుతున్నాను. ఉన్నట్టుండి వాడు ఆగిపోయాడు.

"స్వామీ, మనం మాట్లాడుతున్నం రా" అన్నాడు.

నిజమే. సగం కొండ ఎక్కాం, మాట తెగలేదు. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నాకు దేవుడి కంటే ముందు చీపురు పట్టుకున్న సార్ కనిపించారు. పాపమో పుణ్యమో తెలియదు.

తిరిగొచ్చి మాల తీసిన మర్నాడే సార్ మళ్ళీ "ఏమ్రా"లోకి దిగారు. ఉరికొచ్చి ఆయన ముందు నిలబడ్డాను. "రాత్రి మిగిలిన బగారన్నం, చికెన్ కూర, ఒక ఉల్లిగడ్డ, నిమ్మకాయ పిండుకొని తిన్న సార్" అని ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయన జేబులోంచి బంతుల గది తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు. జట్టులో నా పేరు ఉంది.

ఇక్కడితో ఆపితే బాగుంటుంది. కాని జరిగింది వేరు. పోటీల్లో ఒక ఆట గెలిచి, రెండోది ఓడిపోయాం. చివరి నిమిషాల్లో అవతలివాళ్ళు నడుం పట్టుకొని నిలబడితే నేను ఉరుకుతూనే ఉన్నాను, అయినా ఓడాం. డిగ్రీ అయింది. ఆట వల్ల ఉద్యోగం ఏదీ రాలేదు. నాన్నకు నడుము పడిపోయింది. నేను షెడ్డుకు వచ్చాను. అదే కిటికీ, అదే గోడ.

కొన్నాళ్ళకు ఉక్రోషం పట్టలేక సార్ ఇంటికి పోయి అడిగేశాను. "ఇంత ఉరికించిన్రు. ఏమైంది సార్? మల్ల ఆడికే వొచ్చిన."

ఆయన మంచినీళ్ళిచ్చి, నేను తాగేదాకా ఆగారు. "బయట పడేసుడు నా చేతుల లేదు బిడ్డా. ఉంటే నేను గూడ ఏడనో ఉందును. లోపటున్నప్పుడు ఊపిరాడేటట్టు జేసుడే నాకొచ్చిన పని" అన్నారు.

ఆ మాట నాకు అప్పుడు అస్సలు నచ్చలేదు. చేతగాని మాట అనుకొని వచ్చేశాను. ఏళ్ళు గడిచాక, ఎండాకాలం రేకుల కింద, ఆర్డర్లు రాక, నాన్న దవాఖానాలో ఉండి, గొంతు దాకా వచ్చిన రోజుల్లో తెలిసింది. ఆగకుండా, కూలబడకుండా సాయంత్రం దాకా నిలబడటం నాకు వచ్చు. అది పుట్టుకతో వచ్చింది కాదు, ఒకాయన నేల ఊడ్చి నేర్పింది. ఇప్పటికీ ఈ షెడ్డంటే నాకు ఇష్టం లేదు. కాని అది నన్ను చంపలేదు. అందుకు సార్‌కు రుణపడి ఉన్నాను.

అప్పుడప్పుడు స్కూటర్ మీద షెడ్డుకు వచ్చి స్టూలు మీద కూర్చునేవారు. "షట్టర్ పూర్తిగ లేపురా, గాలి రానియ్యి" అనేవారు. తర్వాత ఆయనకు ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు పట్టుకుంది. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్, ముక్కుకు సన్నని పైపు. అది వాకిలి గడప దాకా వచ్చేది. గడప మీద నిలబడి గల్లీని చూసేవారు. "పైపు ఎంతదూరమొస్తే అంతే నా గ్రౌండు" అని నవ్వబోయి దగ్గేవారు. ఆఖరిసారి పోయినప్పుడు, "పొద్దున... ఏం తిన్నవ్ రా" అని అడిగారు. ఉప్మా అని, మామిడికాయ తొక్కుతో తిన్నానని చెప్పాను. మీరేం తిన్నారని తిరిగి అడగలేదు. చెప్పలేరని తెలుసు.

మంగళవారం మధ్యాహ్నం శవాన్ని లేపారు. నరేశ్, నేను, మాలో ఇంకో ఇద్దరు పాడె పట్టాం. అందరికీ పొట్టలొచ్చాయి, ఎండ మండుతోంది. నాచారం పెద్దరోడ్డు దాటి, శ్మశానం వైపు తిరిగే చోట దింపుడు కల్లానికి ఆపారు. ఎవరు చెప్పొచ్చారు, ఇంకా ఉన్నారేమోనని చెవిలో మూడుసార్లు పిలిచి చూసే చోటు. డప్పు ఆగింది. వెనక బస్సు డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. సార్ కూతురు వంగి మూడుసార్లు "డాడీ" అని పిలిచింది. తర్వాత మా వైపు తిరిగి, "మీరు గూడ పిలువుండ్రి అన్నా" అంది. నలుగురం చుట్టూ కూర్చున్నాం. మోసుకొచ్చిన ఆయాసానికి నాకు మాట రాలేదు. నరేశే పిలిచాడు. పిలిచాక ఎవరూ లేవలేదు. తెల్లగుడ్డ కింద సార్ ఛాతీనే చూస్తూ కూర్చున్నాం.