హన్నమ్మ చదివించిన సాక్ష్యం

ఉదయగిరి కొండ కింద ఆ పేటలో హన్నమ్మ పేరు తెలియని గడప లేదు. మిషను బడిలో ఐదో తరగతి దాకా చదివింది. ఆ చదువుతోనే సారాకొట్టు మూయించింది, కలెక్టరు ఎదుట నిలబడి బోరు వేయించింది, చర్చికి రేకులు పీకించి స్లాబు పోయించింది. స్త్రీల సమాజానికి ఇప్పటికీ ఆమే పెద్ద. ఇవన్నీ ఎదుటి మనిషికి తెలిసినవే అయినా, ఇంకోసారి చెప్పందే ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టదు.

చెప్పనిదల్లా మనవరాలు రూబీ గురించే. తల్లి పోయాక ఆ పిల్లను పెంచింది హన్నమ్మే. రూబీ జాకెట్టు కుడితే చూసినవాళ్లు తిప్పి తిప్పి చూడాల్సిందే. కానీ చర్చిలో మైకు మొదలైతే చెవులు మూసుకుని బయటికి పరుగెత్తేది. ఎవరి కళ్లలోకీ చూడదు. దిగులు కమ్మిన రోజున మంచం దిగదు. నెల్లూరు డాక్టరు ఆటిజం అని చెప్పి, అది జబ్బు కాదు, పుట్టుకతో వచ్చిన తీరు అన్నాడు. దిగులుకు మాత్రం మందు రాశాడు. అవి రక్తం పట్టే మాత్రలని హన్నమ్మ ఊళ్లో చెప్పుకుంది.

దెయ్యం వదులుతుందని ఏ.ఎస్.పేట దర్గాకు తీసుకుపొమ్మని ఎవరో అంటే, తాతల నాటి బాప్టిస్టులమని కసిరి, దుత్తలూరులో ఉపవాస ప్రార్థనలకు తిప్పింది. అక్కడ డ్రమ్ములు. ఆ మోతకు పిల్ల వణికేది. ఆ వణుకు చూసి దెయ్యం కదులుతోందని ఇంకా గట్టిగా వాయించేవారు.

ఆత్మకూరులో జిరాక్సు అంగడి నడిపే జెస్సీ, తల్లికి తోడుగా ఆ ప్రార్థనలకే వచ్చేది. ఇద్దరికీ స్నేహం కుదిరింది. పిల్లకు ఒక తోడు దొరికిందని హన్నమ్మ సంతోషపడింది.

ఒకనాడు సమాజం లెక్కలు చూసే షైనీ వచ్చి, రూబీ ఫోనులో సీరియలుగా కథ రాస్తోందని, వేలమంది చదువుతున్నారని, దాని పేరు ‘నా సాక్ష్యం’ అని చెప్పింది. సాక్ష్యమంటే సంఘంలో ఒకటే అర్థం: దేవుడు తనకు చేసిన మేలును లేచి నిలబడి చెప్పడం. ఇన్నాళ్ల ఉపవాసాలు ఫలించాయనుకుంది హన్నమ్మ. రూబీని ఒక మాట అడగలేదు. సమాజం కూడిక పెట్టి, షైనీని నిలబెట్టి చదివించింది.

డ్రమ్ముల మధ్య వణికే అమ్మాయి కథ. ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటూ స్తోత్రం స్తోత్రం అన్నారు. హన్నమ్మ తల ఎత్తుకుని కూర్చుంది. షైనీ చదువుతూ పోయింది: “డ్రమ్ము ఎవరూ ఆపలేదు. ఆమె ఒక్కతే వచ్చి తన చేతులు నా చేతుల మీద పెట్టి నా చెవులు మూసింది. ఆ రోజే ఆమెను ప్రేమించాను. బతికితే ఆమెతోనే.”

షైనీ గొంతు తగ్గిపోయింది. అందరూ హన్నమ్మ వైపు తిరిగారు. చర్చికి కుట్టిన కొత్త తెరలు పట్టుకుని రూబీ అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. విన్నది. ఎప్పటిలాగే కళ్లలోకి కాకుండా అవ్వ చేతుల వైపు చూస్తూ నిలబడింది.

హన్నమ్మ లేచింది. “ఈ బిడ్డకింకా దెయ్యం నుంచి విడుదల కాలేదు. మోకాళ్లెయ్యండమ్మా.”

“నన్ను దెయ్యం పట్టుకోలేదవ్వా,” అంది రూబీ. “పట్టుకోని ఉండేది నువ్వే.”

తెరలు మడత చెదరకుండా బల్ల మీద పెట్టి పోయింది. మర్నాడు కుట్టుమిషను ఆటోలో వేసుకుని ఆత్మకూరు చేరింది. జెస్సీ అంగడి వెనక గదిలోనే ఇద్దరూ ఉంటున్నారు. హన్నమ్మ ఫోను చేస్తే ఎత్తదు.

వానాకాలం పోయాక షైనీ మళ్లీ వచ్చింది. కథ అయిపోయిందని, ఆఖరి భాగం చదివి వినిపించింది. అందులోనూ కూడిక ఉంది, అందరూ తిరిగి చూడటం ఉంది. కానీ ఆ కథలో అవ్వ లేచి, మనవరాలి పక్కకు వచ్చి నిలబడింది. ఇది నా బిడ్డ, దీనికి ఏ జబ్బూ లేదు, ముందు ఆ డ్రమ్ములు ఆపండి అంది.

“చదివినోళ్లంతా ఆ అవ్వ నిజంగా ఉండాదనే అనుకుంటా ఉండారు,” అంది షైనీ. “కొండాపురం నుంచి ఒకామె అడిగింది. ఆమె కూతురూ మన రూబీ మాదిరేనంట. ఏం చెయ్యాల్నో ఆ అవ్వనే అడగాలంట. నీ నంబరు ఇచ్చేదా?”

హన్నమ్మ చేతిలో కాఫీ చల్లారిపోయింది. సారాకొట్టు గురించి ఎత్తలేదు, బోరు గురించి ఎత్తలేదు.

“ఆ అవ్వ చచ్చిపోయిందని చెప్పు,” అంది.