నోట్లో ప్రార్థన, జేబులో కంపాస్

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, పోయిన ఏడాది వరకు ఇదే హాల్లో మీ పిల్లలకు సండే స్కూల్ పాఠాలు చెబుతూ వచ్చిన ఈ ప్రకాశ్ బ్రదర్ జేబులో ఏముండేదో అప్పట్లో మీకెవరికీ తెలియదు, నా భార్య సునీతకు కూడా తెలియదు, దేవునికొక్కడికే తెలుసు! ఈ రోజు అది చెప్పడానికే నిలబడ్డాను. చెప్పాలంటే సిగ్గుగానే ఉంది, కానీ సిగ్గు నాది, మహిమ ఆయనది, కాబట్టి చెప్పేస్తాను.

ఈ కమ్మింగ్ ఊరికి రాకముందు మేము మోరిస్‌విల్‌లో ఒక టౌన్‌హౌస్‌లో అద్దెకు ఉండేవాళ్ళం. అందులో చేరిన ఏడాదిలోపే నా ఉద్యోగం పోయింది, వీసా గడువు తరుముకొచ్చింది, ఆ దిగులులో ఉండగానే సునీతకు కీళ్ళవాతం మొదలైంది. ముందు వేళ్ళు వాచాయి, తర్వాత మోకాళ్ళు పట్టేశాయి, పరుగులాంటి నడక ఉన్న మనిషి మంచం మీద నుంచి లేవడానికి నా భుజం పట్టుకోవాల్సి వచ్చింది. అలాంటి రోజుల్లో నా పాత ఆఫీసు మిత్రుడొకడు, మనసులో కల్మషం లేనివాడే, మమ్మల్ని చూడడానికి వచ్చి వెళ్తూ గుమ్మంలో ఆగి, "సౌత్ ఫేసింగ్ కదరా ఇది, ముందే చూసుకోవాల్సింది" అన్నాడు. ఆ మాట ఈ చెవితో విని ఆ చెవితో వదిలేయాల్సింది, వదల్లేదు! మూడు తరాలుగా యేసయ్యను నమ్ముకున్న కుటుంబం మాది, మా తాతగారు సువార్త చెబుతూ కాలినడకన ఊళ్ళు తిరిగినవారు, ఆయన మనవణ్ణైన నేను ఒక్క మాటకు లోపల్లోపలే వణికిపోయాను.

దేవుడు దయతలచి ఇక్కడ ఉద్యోగమిచ్చాడు. అయితే మా అమ్మాయి జోయన్న స్కూలు దగ్గర అప్పటికి దొరికింది మూడో అంతస్తు అపార్ట్‌మెంట్, దానికి లిఫ్ట్ లేదు. కిందికి దిగితే సునీత మళ్ళీ పైకి రావడం ఒక ప్రయాణం, రెండో అంతస్తు మలుపులో మెట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకుని మళ్ళీ రైలింగ్ పట్టుకుని లేచేది. డాక్టర్ గారు మెట్లు లేని ఇల్లు చూసుకోమని గట్టిగా చెప్పారు. మేము కుటుంబ ప్రార్థనలో ప్రతి సాయంత్రం, "ప్రభువా, నీ చిత్తమైన ఇల్లు మాకు చూపించు" అని అడిగేవాళ్ళం. అందరికంటే గట్టిగా ఆమెన్ చెప్పింది నేనే!

ఇల్లు చూపించడానికి పద్మగారని మన తెలుగు రియల్టర్ దొరికారు. మా సంఘం మనిషి కాదు, కానీ ఎంతో ఓపిక ఉన్న ఆవిడ. ప్రతి ఇంటి దగ్గరా నేను కారు దిగగానే ఏదో మెసేజ్ వచ్చినట్టు ఫోన్ తీసి, తలుపుకు వీపు తిప్పి నిలబడి, కంపాస్ యాప్ చూసుకునేవాణ్ణి. వాకిలి దక్షిణం వైపని తేలితే నా పని అయిపోయినట్టే, ఇక లోపల ఎంత బాగున్నా నాకు ఏదో ఒక వంక దొరికేది. "రీసేల్‌కి కష్టం" అనేవాణ్ణి. ఆ ఒక్క మాట ఎంత పనికొచ్చిందో చెప్పలేను, అందులో భయం కనిపించదు, తెలివి కనిపిస్తుంది! జోయన్న మాత్రం వెనక సీట్లోంచి, "డాడీ, నువ్వు ప్రతి హౌస్ దగ్గర ఎవరికి టెక్స్ట్ చేస్తావ్?" అని అడిగేది. ఆఫీసు పని అని అబద్ధం చెప్పాను, పిల్లలకు సత్యం బోధించే నోటితోనే చెప్పాను.

అలా తొమ్మిదో పదో ఇళ్ళు అయ్యాక, ఒక నిశ్శబ్దమైన వీధి చివర ఆ ఇల్లు చూశాం. కార్లు అటు రావు, చెట్ల మీద పిట్టల చప్పుడు వినిపిస్తుంది, కుక్కను నడిపించుకుంటూ వెళ్ళే ముసలాయన చెయ్యి ఊపుతాడు. ఒకే అంతస్తు, గడప దగ్గర ఒక్క మెట్టు కూడా లేదు, గదుల తలుపులన్నీ వెడల్పు, స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీలున్నాయి. అమ్మే ఆవిడ పెద్దామె, చక్రాల కుర్చీలో ఉండే భర్త కోసం అలా చేయించుకున్నారట, ఆయన పోయాక కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. సునీత కడ్డీ పట్టుకుని చూసి కళ్ళు తుడుచుకుంది. నేను అప్పటికే బయట చూసుకున్నాను, నేరుగా దక్షిణం! అందులోనూ ఆ ఇంటి యజమాని పోయాడు, ఇంకేం కావాలి నా భయానికి? "రీసేల్‌కి కష్టం" అన్నాను. "అన్నయ్యా, వదినకి కొలత తీసి కట్టినట్టుంది ఇల్లు, మీరేంటి ఇలా అంటారు?" అన్నారు పద్మగారు. సునీత వెళ్ళి కారెక్కి కూర్చుంది. ఆ వారమే ఆ ఇల్లు వేరేవాళ్ళు మాట్లాడుకున్నారని తెలిసింది, నాకు లోపల హాయిగా అనిపించింది. సహోదరులారా, నా హృదయం ఎంత మొద్దుబారిందో చూడండి!

తర్వాతి శనివారం మధ్యాహ్నం సరుకులు తెచ్చుకున్నాం. నేను సంచులు పైన పెట్టి, సునీతకు చెయ్యి అందిద్దామని కిందికి దిగుతుంటే, రెండో అంతస్తు మలుపులో ఆమె గొంతు వినిపించి ఆగిపోయాను. మెట్టు మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటోంది. "ప్రభువా, ఇల్లు ఇస్తే ఇవ్వు, లేకపోతే లేదు, ఈ మెట్లు ఎక్కడానికి నువ్వే బలమిస్తావు. కానీ ఈయన దేనికో భయపడుతున్నాడయ్యా. నాకు చెప్పట్లేదు. నీకైనా చెప్పేలా చెయ్యి తండ్రీ."

ఆమె పక్కనే మెట్టు మీద కూలబడి, ఫోన్ తీసి ఆ కంపాస్ చూపించి, మోరిస్‌విల్ మాట దగ్గర్నుంచి అంతా చెప్పేశాను. ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుని ఆ ముల్లును చూసింది. తర్వాత, "ఏమండీ, ఏడాదిగా నేను ఈ మెట్లెక్కుతోంది దీని కోసమా?" అంది. తిట్టినా బాగుండేది! నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను. అక్కడే, ఆ మెట్ల మీదే, "తండ్రీ, నిన్ను నమ్ముతున్నానని అందరికీ చెప్పాను, ఒక సూదిముల్లుకు భయపడి బతికాను, నా ఇంటిదాన్ని బాధపెట్టాను, క్షమించు, ఈ భయం నాలోంచి తీసేయి" అని ప్రార్థించాను. పక్కింటివాళ్ళు మమ్మల్ని దాటుకుని వెళ్ళారు, నాకు లెక్కలేదు. చిన్నప్పటి నుంచి ఎన్నో ప్రార్థనలు చేశాను గానీ, నిజం చెప్పి చేసింది అదేనేమో. లేచేసరికి గుండె మీద రాయి దించినట్టయింది, హల్లెలూయా!

మొదటగా జోయన్నకు క్షమాపణ చెప్పాను. బుధవారం ప్రార్థన గుంపులో కూడా చెప్పాను. అయ్యాక ముగ్గురు సహోదరులు విడివిడిగా నన్ను పార్కింగ్‌లోకి పిలిచి, "బ్రదర్, మాదీ రీసేల్ సమస్యే" అన్నారు! పేర్లు చెప్పను, భయపడకండి.

పద్మగారికి ఫోన్ చేసి, దక్షిణమైనా ఏదైనా సరే, మెట్లు లేని ఇల్లు చూపించమన్నాను. ఆవిడ, "ఇదేదో ముందే చెప్పొచ్చుగా అన్నయ్యా" అని నవ్వారు. రెండు వారాలు తిరక్కముందే ఆవిడే ఫోన్ చేశారు, ఆ వీధి చివరి ఇల్లు మళ్ళీ అమ్మకానికి వచ్చింది! మాట్లాడుకున్నవాళ్ళ పెద్దలు ఇండియా నుంచి వీడియోలో చూసి ఫేసింగ్ కుదరదన్నారట, ఒప్పందం రద్దు చేసుకునే గడువులోపే వద్దనుకున్నారట. వాళ్ళను చూసి నవ్వే అర్హత నాకు లేదు. నేను వణికిన కారణంతోనే దేవుడు నా భార్య ఇంటిని ఆమె కోసం ఉంచాడు, ఆయన పని ఎంత ఆశ్చర్యమో చూడండి! తాళాలిచ్చేటప్పుడు ఆ పెద్దామె సునీత వాచిన చేతులు పట్టుకుని, తామిద్దరూ ఆ ఇంట్లో చాలా సంతోషంగా బతికామని చెప్పారు.

సునీత కీళ్ళవాతం పూర్తిగా పోయిందని నేను చెప్పను, మందులు వాడుతోంది, పోయేదాకా ప్రార్థిస్తాం. నాకున్న రోగం మాత్రం పోయింది, దేవునికే మహిమ! ఈ జనవరిలో మంచు గడ్డకట్టి మన ఊళ్ళో రోడ్లన్నీ అద్దంలా అయిపోయాయి, గుర్తుందా? ఆ మర్నాడు సునీతకు ఆసుపత్రి అపాయింట్‌మెంట్, ఆమె ఒక్కసారి జారితే ఏమవుతుందో నాకు తెలుసు. నేను మంచు కరగడానికి చల్లే ఉప్పు డబ్బా పట్టుకుని ఉదయం పది గంటలకు తలుపు తీశాను. ఎదురింటి వాకిలి ఉత్తరం వైపుది, నీడలో ఇంకా గడ్డకట్టే ఉంది, పాపం ఆయన పార పట్టుకుని చెక్కుతున్నాడు. మా వాకిలి నిండా ఎండ, చుక్క మంచు లేదు, నేల తడి కూడా ఆరిపోతోంది. చలికాలం సూర్యుడు దక్షిణం వైపునే నడుస్తాడని స్కూల్లో చదువుకున్నవాణ్ణే, భయంలో అదీ మర్చిపోయాను.

సహోదరీ, సహోదరుడా, నీ జేబులో ఏముందో నాకు తెలియదు, నేను అడగను. ఇంటికి వెళ్ళి తలుపేసుకుని ఆయనకు తీసి చూపించు, ఆయన నిన్ను తోసివేయడు. ఇదిగో, ఆ రోజు సునీత నా చెయ్యి కూడా పట్టుకోకుండా, ఎండలో, పొడి నేల మీద నడుచుకుంటూ వెళ్ళి కారెక్కింది.