పేడకుప్పలో పట్టుగౌను

వాల్‌బుర్గాకు ఆ సినిమా పేరెత్తితే ఒళ్ళు మంట. మంట కాక మరేమిటి! జమీందారుకు ఆడవేషం వెయ్యడం, ముగ్గురు ప్రియులను ఒకే బీరువాలో కుక్కడం, ఎవరి చెంప పేలినా వెంటనే పాట అందుకోవడం. దీన్ని కథ అన్నవాడికి దండం పెట్టాలి. మొత్తం సినిమాలో నవ్వొచ్చే ముక్క ఒక్కటే: పట్టుగౌను తొడుక్కున్న హీరోయిన్ కొట్టం కప్పు మీంచి జారి, కాళ్ళు పైకెత్తి పేడకుప్పలో పడుతుంది. దానికి మాత్రం జర్మనీ అంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది.

ఆ పడ్డది వాల్‌బుర్గాయే.

సినిమావాళ్ళు ఆల్గాయ్ కొండల్లో వాళ్ళ పల్లెకు దిగేనాటికి ఆమెకింకా పెళ్ళి కాలేదు. ఆ కుప్ప వాళ్ళ నాన్నది. అంచుల గడ్డి జడలా అల్లి పేర్చిన కుప్ప, ఆ పల్లెల్లో ఇంటి పరువంతా అందులోనే. మహాతల్లి హీరోయిన్ దాన్ని చూసి ముక్కు మూసుకుని కారెక్కి కూర్చుంది. ఆమె బదులు పడడానికి ఆ గౌను తెచ్చి వాల్‌బుర్గాకు తొడిగారు.

"నువ్వని తెలిస్తే నిన్నెవడు చేసుకుంటాడే? నోరు మెదిపావో, చూడు!" అన్నాడు నాన్న.

చేసుకున్నవాడు లియోన్‌హార్ట్. పాలు పితకడం, తినడం, ఆ హీరోయిన్‌ను తలుచుకోవడం, ఇంతే అతగాడి బతుకు. ఆవుల కొట్టంలో ఆమె ఫొటో, ప్రతి ఆదివారం కాఫీవేళకు టీవీలో ఆ సినిమాయే. పెళ్ళాన్ని మాత్రం పెళ్ళినాటి నుంచీ "కుంటిబాతు" అంటాడు, ఆమె కాలీడ్చి నడుస్తుందని.

మొన్న ఆదివారం మరీ బరితెగించాడు. గోడమీది పెళ్ళిఫొటో తీసి కిటికీ గట్టున పడేసి, ఆ మేకుకు హీరోయిన్‌ను తగిలించాడు. ఆపిల్ కేకు నోట కుక్కుకుంటూ సినిమా పెట్టాడు.

"అదీ ఆడదంటే! ఏం పడింది, ఏం పడింది! నువ్వూ ఉన్నావు దేనికి? ఇన్నేళ్ళ కాపురంలో నన్నొక్కసారి నవ్వించావా?"

"నవ్వించకేం? ప్రతి ఆదివారం నవ్విస్తూనే ఉన్నాను. ఆ పడ్డది నేనయ్యా."

"నువ్వా? నీ మొహం!"

"మొహం కాదు, కాలు చూడు. బొమ్మ ఆపు."

ఆపాడు. పైకెత్తిన కాలికి జోడు ఊడిపోయింది. పట్టుగౌను కింద పల్లెటూరి బూడిదరంగు ఊలు మేజోడు, దాని మడమ చిరిగితే ఎర్ర ఊలుతో అల్లి పూడ్చినది. ఆ మేజోడు ఆ సినిమావాళ్ళ కంటికీ ఆనలేదు, ఇన్ని ఆదివారాలు చూసిన ఈ పెద్దమనిషి కంటికీ ఆనలేదు.

వాల్‌బుర్గా మూలుగుతూ వంగి, మొగుడి చెప్పు లాగేసి, అతని కాలెత్తి కేకు పళ్ళెం పక్కనే బల్లమీద పెట్టింది. బూడిదరంగు మేజోడు. మడమన ఎర్ర ఊలు, అదే చేతి అడ్డదిడ్డపు అల్లిక.

లియోన్‌హార్ట్ తన కాలును చూశాడు, టీవీలో కాలును చూశాడు. నోట్లో కేకు నోట్లోనే ఉండిపోయింది. దాన్ని ఎలాగో మింగి అడిగాడు.

"దెబ్బేమైనా తగిలిందటే, వాలీ?"

"ఇన్నాళ్ళకు అడిగావు, బాగానే ఉంది! కుప్ప మెత్తగానే ఉంది, దాని పక్కనున్న రాతిగట్టే తుంటికి తగిలింది. మరి నీ కుంటిబాతు ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావు?"

లియోన్‌హార్ట్ బల్లమీంచి కాలు దించాడు. ఒంటి చెప్పుతోనే గోడ దగ్గరికి వెళ్ళి హీరోయిన్‌ను దించాడు. పెళ్ళిఫొటో చేతిలోకి తీసుకుని, అందులోని పెళ్ళికూతురి తుంటి వంక చూస్తూ అలాగే నిలబడిపోయాడు.