పక్కటెముక నేర్పిన లిక్

గేట్లు చేసే సమ్మెటయ్య అంటే మాటలా? ఐదో తరగతితో బడి మానేసినవాడు నలభై రెండేళ్లలో పదకొండు వందల గేట్లు బిగించాడు, ఒక్కటీ కుంగలేదు. కొట్లాటల్లో మూడు దవడలు, ఒక మోచెయ్యి విరగ్గొట్టాడు. ఒక్కడూ తిరిగి చెయ్యెత్తలేదు. అలాంటివాడు అరవై ఒకటో ఏట మాండలిన్ పట్టాడు. అదీ అమెరికా నల్లజాతివాళ్ల విషాద సంగీతం, బ్లూస్ వాయించడానికి!

గురువు, సెలూన్ నడిపే బావమరిది.

"బ్లూస్‌కి ప్రాణం లిక్కులోనే ఉంది బావా. లిక్కంటే పిడికెడు స్వరాల ముక్క, అంతే. తీగని వేలితో పక్కకి నెట్టి, అందులో ఒకదాన్ని వంచి ఏడిపించాలి. జంట తీగలు రెండూ కలిసి జరగాలి."

సమ్మెటయ్య నొక్కితే తీగ ఏడవలేదు, తెగింది. రెండు నెలల్లో పందొమ్మిది తెగాయి. ఒకటి చెంప చీరేసింది.

"ఇనుమనుకున్నావా బావా?"

"ఇనుమైతే ఎప్పుడో లొంగేదిరా!"

ఆదివారం ఊళ్లో ఫంక్షన్ హాల్లో బావమరిది సంగీత బృందంతో కలిసి ఆ లిక్ వాయించాలి. అక్కడ తీగ తెగితే బృందంలో చోటు లేదని బావమరిది ముందే తేల్చేశాడు.

శనివారం మధ్యాహ్నం తమ్ముడు ఇనప గొట్టంతో గేట్లు చేసే షెడ్డులోకి వచ్చిపడ్డాడు. షెడ్డు తనకిమ్మని నెల రోజులుగా పోరు.

"తీగలు గోక్కునేవాడికి షెడ్డెందుకన్నయ్యా? తాళాలియ్యి!"

"నన్ను చంపి తీసుకోరా!"

గొట్టం లేచింది. ఇదివరకైతే ఎడమచేత్తో దాన్ని పట్టి, కుడిచేత్తో దవడ పగలగొట్టేవాడే. కానీ రేపటికి వేళ్లు కావాలి. రెండు చేతులూ చంకల్లో దాచుకుని వెనక్కి తిరిగాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోదానికి పక్కటెముక పుల్లలా పుటుక్కుమంది.

"చేతులు పడిపోయాయా?" అంటూ తమ్ముడు మీదికొచ్చాడు.

సమ్మెటయ్య గిర్రున తిరిగి నుదుటితో వాడి ముక్కు మీద మోదాడు. వాడు రేకుల మీద పడ్డాడు, రక్తం బొటబొటా కారింది. పొట్టలో ఒక తన్ను, గొట్టానికి ఇంకో తన్ను. చేతులు మాత్రం చంకల్లోంచి తియ్యలేదు.

ఆదివారం ఛాతీకి కట్టుతోనే వేదికెక్కాడు. ఎప్పటిలాగే గట్టిగా నొక్కబోతే పక్కలో కత్తి దిగినట్టయి, చేతిలో సత్తువ చచ్చింది. వేళ్లు మెత్తబడ్డాయి. జంట తీగలు రెండూ ఒద్దికగా జరిగాయి. స్వరం వంగి, మూలిగింది. తెగలేదు.

వెనక వరుసలో, ముక్కుకి కట్టుతో ఉన్న తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"ఆ ముక్క మళ్లీ వాయించమనండి! లేకపోతే రెండోపక్క ఎముక కూడా విరగ్గొడతా!"

"కూర్చోరా వెధవా, వాయిస్తున్నాగా!" అన్నాడు సమ్మెటయ్య, పళ్లు బిగించి.