గుర్రం కంట్లో బాల్

నా వల్ల ఒక గుర్రం కన్ను పోయేంత పనైంది. చదువుతూ నన్ను తిట్టుకోవాలనిపిస్తే మొహమాటపడకండి. ఇన్నేళ్లుగా నేనూ అదే పనిలో ఉన్నాను.

ఎనభైల్లో కోస్గి పశువుల దవాఖానలో కొత్తగా కంపౌండరుగా చేరాను. మాది హుజూర్‌నగర్ వైపు. ఉర్దూ ఒక్క ముక్క రాదు, రాదని ఒప్పుకునే బుద్ధి అంతకన్నా లేదు. డాక్టరుగారు ఊళ్లో లేని రోజు చూసి, టాంగా తోలే రసూల్ భాయి తన గుర్రాన్ని పట్టుకొచ్చాడు. దాని ఎడమ కన్ను ఎర్రబడి ధారగా కారుతోంది.

“కంట్ల బాల్ వడ్డది సార్. జర చూడుండ్రి. కన్ను పోతే నా టాంగా ఎవలెక్కుతరు?”

బస్టాండు వెనక పిల్లలు పొద్దస్తమానం క్రికెట్ ఆడుతుంటారు. ఇంకేముంది, నాకంతా అర్థమైపోయింది.

“ఎవడు కొట్టిండు?”

“కొట్టుడేంది సార్? దానంతటదే వచ్చింది.”

“దానంతటదే ఎట్లొస్తది? బాల్ ఎంతున్నది?”

“సన్నగున్నది. వంకర తిరిగి గుచ్చుతాంది.”

“బాల్ వంకరుంటదా?”

“ఉంటది సార్. పోయినేడు గూడ గిట్లనే వచ్చింది.”

పోయినేడు కూడానా! ఆ పిల్లల మీద ఒళ్లు మండిపోయింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, నాకు పోవడానికి ఉంటేగా! రెప్ప ఎత్తి చూడకుండానే దూది పెట్టి, పట్టీ బిగించి కట్టేశాను. అదీ చాలక బస్టాండు వెనక్కి వెళ్లి పిల్లల్ని దులిపేసి, వాళ్ల బంతి లాక్కొచ్చాను.

మర్నాడు గుర్రం తల విదిలిస్తూ, కాళ్లు నేలకేసి కొడుతూ వచ్చింది. రసూల్ భాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు. డాక్టరుగారు పట్టీ విప్పి రెప్ప తిప్పారు. రెప్ప లోపలివైపు మొలిచిన వెంట్రుక ఒకటి, నా పట్టీ పుణ్యమా అని కనుగుడ్డును గీరేస్తోంది.

“పట్టీ ఎవడు కట్టిండయ్యా?”

“నేనే సార్. బాల్ తగిలిందంటే...” అంటూ సాక్ష్యంగా బంతి తీసి బల్లమీద పెట్టాను.

ఆయన బంతిని చూశారు, నన్ను చూశారు. “ఉర్దూల బాల్ అంటే ఎంట్రుకరా నాయినా!”

వెంట్రుక పీకి మందు వేశారు. వారంపాటు రోజూ రసూల్ భాయి ఇంటికి వెళ్లి నేనే మందు వేశాను. కన్ను తేటపడేదాకా నాకు అన్నం సయించలేదు.

కొన్ని నెలలకు ఆ పాడు వెంట్రుక మళ్లీ మొలిచింది. రసూల్ భాయి గుమ్మంలోనే ఆగి, తన గడ్డంలోంచి ఒక వెంట్రుక పట్టుకుని, బడిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

“సార్, ఇది. కంట్ల ఇది ఉన్నది. ఇది ఆడుకునేది కాదు.”

అందుకే ముక్కోటి దేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: తెలియని మాటకు ఈ జన్మలో తలూపను. ఊపక తప్పకపోతే, ముందు రెప్ప ఎత్తి చూస్తాను.