పది బంతులు బయటికి

నా చిన్నప్పుడు మా ఊరు అయిజలో వాలీబాల్ కోర్టు పక్కనే మిరపకాయలు ఆరబోసే కళ్లం ఉండేది. బంతిని ఎవరు బయటికి కొడితే వాళ్లే పోయి తెచ్చుకోవాలి. కళ్లం కాసే అవ్వ తిట్లు కూడా వాళ్లే తినాలి. ఎనిమిదో తరగతికే తాటిచెట్టులా ఎదిగానని పెద్దవాళ్ల జట్టులో నన్ను షాట్లు కొట్టడానికి చేర్చుకున్నారు.

ఒకరోజు నేను కొట్టిన బంతి గీత దాటి నేరుగా మిరపకాయల్లో పడింది. తెచ్చి, తుడవకుండానే ఆటలోకి విసిరాను. కాసేపటికి చెమట తుడుచుకున్న ప్రతివాడూ కళ్లు మండి కూలబడ్డాడు. ఆట ఆగిపోయింది. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటినుంచి బంతిని కొట్టడం మానేసి వేళ్లతో మెల్లగా అవతలికి నెట్టేవాణ్ణి. వడ్డేపల్లి జట్టుతో పోటీ దగ్గరపడింది. ఇక ఆడనని చెప్పేద్దామని పక్కింటి చాచా దగ్గరికి వెళ్లాను. ఆయన దర్జీ. మా జట్టులో షాట్ కొట్టేవాళ్లకు వల దగ్గర బంతి పైకి లేపి అందించేది ఆయనే.

చాచా నా మాట వినిపించుకోనట్టే నన్ను కోర్టుకు తీసుకుపోయాడు. "ఇయ్యాల పది బంతులు బయటికి కొట్టు బేటా. లోపల పడితే ఒప్పుకోను. బంతులు నేను తెస్త, అవ్వ తిట్లు గూడ నేనే తింట," అన్నాడు.

తప్పే చేయమంటే ఇంకేం భయం! చెయ్యి సాచి బాదాను. నాలుగు బయట పడ్డాయి. ఆ తర్వాతవి లోపలే పడసాగాయి. ఎంత తంటాలు పడ్డా పది నిండలేదు. "గిదేంది, బయటికి కొట్టుడు గూడ రాదా నీకు?" అని చాచా నవ్వుతుంటే నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. గుండెల మీది బరువు దిగిపోయింది.

పోటీలో నా మొదటి షాట్ బయటికే పోయింది. జట్టులో ఒకరిద్దరు గొణిగారు. చాచా వాళ్ల వైపు చూడనైనా చూడకుండా తర్వాతి బంతి కూడా నాకే లేపాడు. అది గీత లోపల పడింది. పోటీ ఓడిపోయాం, అది వేరే సంగతి. నేను మాత్రం ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చాను.

ఇప్పుడు టీవీలో దేశదేశాల మగవాళ్ల జట్లు ఆడుతుంటే చూస్తుంటాను. అంతటి గొప్ప ఆటగాళ్లు కూడా బంతిని వలకు కొడతారు, గీత అవతల పారేస్తారు. మా మనవరాలు తల పట్టుకుంటుంది. నేను మాత్రం బంతి లేపేవాడి వైపే చూస్తాను. అతను మళ్లీ ఆ తప్పు కొట్టినవాడికే బంతి లేపితే హమ్మయ్య అనుకుంటాను.

ముప్పై ఏళ్లు లెక్కల సారుగా పనిచేశాను. నల్లబల్ల దగ్గర లెక్క తప్పిన పిల్లలు తలవంచుకుని బెంచీ వైపు నడవబోయేవాళ్లు. నేను వాళ్లను కూర్చోనిచ్చేవాణ్ణి కాదు. తర్వాతి లెక్కకు సుద్దముక్క మళ్లీ వాళ్ల చేతికే ఇచ్చేవాణ్ణి.